లై డిటెక్టర్‌కి సరేననే ముందు లాయర్‌ని పిలవండి

లై డిటెక్టర్ ఫలితాన్ని కోర్టులో సాక్ష్యంగా తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ యంత్రం పట్టుకునేది అబద్ధాన్ని కాదు. ఊపిరి, రక్తపోటు, గుండె వేగం, చేతి చెమటల్లో వచ్చే మార్పుని. పోలీసుల ముందు కూర్చుంటే ఏ పాపం ఎరగనివాడికీ గుండె దడదడలాడుతుంది. ఇక వీసా ఏమవుతుందో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అన్న టెన్షన్‌లో అమెరికాలో ఉన్న మన పిల్లల సంగతి చెప్పాలా? అదే, 1985 నుంచి సోవియట్లకి రహస్యాలు అమ్మిన అమెరికా గూఢచార సంస్థ సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1986లో, మళ్లీ 1991లో ఈ పరీక్ష పాసయ్యాడు. అతన్ని అరెస్టు చేసింది 1994లో.

అమెరికా కోర్టులకి ఈ అనుమానం 1923లో ఇలాంటి పరీక్ష ఫలితాన్ని తోసిపుచ్చిన ఫ్రై కేసు నుంచీ ఉంది. 1998లో షెఫర్ అనే వైమానిక దళ ఉద్యోగి తాను పాసైన ఫలితాన్ని చూపించుకుంటానన్నా, సైనిక కోర్టుల్లో ఉన్న నిషేధాన్నే సుప్రీంకోర్టు సమర్థించింది. నిందితుడికి పనికొచ్చేదాన్ని కూడా ఆపడం అన్యాయం కాదా అంటారు కొందరు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ పాసైన కాగితానికి విలువిస్తే, ఫెయిలైన కాగితానికీ ఇవ్వక తప్పదు.

దేశమంతా ఒకే రూల్ లేదు. న్యూమెక్సికోలో షరతులతో అనుమతిస్తారు. మనవాళ్లు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీలో, ఇరుపక్షాలూ ముందే ఒప్పందం రాసుకుంటే క్రిమినల్ కేసులో ఫలితం రావచ్చు. లాయర్ లేకుండా నిందితుడు చేసుకున్న ఒప్పందంతో మాత్రం కుదరదని 2009లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది.

నాకు అన్నిటికంటే భయం వేసేది వేరే. ఫలితం కోర్టు గడప తొక్కకపోయినా, పరీక్ష అయ్యాక మీరు అన్న మాటలు తొక్కుతాయి. 1982 నాటి ఫీల్డ్స్ కేసులో జరిగింది అదే. పరీక్ష ముగిశాక, కొన్ని జవాబుల దగ్గర ఎందుకు ఇబ్బంది పడ్డావని అధికారి అడిగాడు. నిందితుడు చెప్పుకొచ్చాడు. మౌనంగా ఉండే హక్కుని పరీక్షకి ముందే వదులుకున్నాడు కాబట్టి ఆ హక్కు గురించి మళ్లీ హెచ్చరించాల్సిన పని లేదంది అమెరికా సుప్రీంకోర్టు. తప్పు చేయనివాడికి భయమెందుకు అనుకుంటూ పెరిగినవాళ్లం మనం. ఆ నమ్మకంతోనే కుర్చీలో కూర్చుంటాం.

ఈ విషయంలో ఇండియా నయం. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు, ఇష్టం లేనివారికి ఈ పరీక్ష చేయకూడదని, ఇష్టపడి చేయించుకున్నా ఫలితం దానంతటదే సాక్ష్యం కాదని చెప్పింది. సమ్మతిని మేజిస్ట్రేట్ ఎదుట నమోదు చేయాలి, లాయర్ అందుబాటులో ఉండాలి. అమెరికాలో ప్రతి రాష్ట్రమూ ఇలాంటి చట్టం చేయాలి. మన సంఘాలు నడిపే లీగల్ క్యాంపుల్లో వీసా ప్రశ్నలతో పాటు దీని గురించీ తప్పకుండా చెప్పాలి.