మహారాజశ్రీ ఎయిర్ గ్యాప్ గారికి

అయ్యా,

ఇక్కడ అందరం క్షేమం, నిన్న పేలిన మా ఎలక్ట్రానిక్ స్విచ్ మాస్‌ఫెట్ తప్ప. తీగ చుట్టిన కోర్ మధ్యలో గాలి సందుగా తమరు ఏ పనీ లేకుండా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీరంటే నాకు మొదటినుంచీ గిట్టదు. కోర్‌కు చెందిన రెండు ఫెరైట్ (అయస్కాంత పింగాణీ) ‘ఈ’ ఆకారపు ముక్కల్ని కలిపి పట్టుకుంటే మీటర్ ఇండక్టెన్స్‌ను, అంటే కరెంటు మార్పుకు చుట్ట అడ్డుపడే గుణాన్ని, 2.2 మిల్లీహెన్రీలుగా (2200 మైక్రోహెన్రీలు) చూపించింది. వేళ్లతో గట్టిగా నొక్కితే ఇంకాస్త ఎక్కింది. మధ్యలో పావు మిల్లీమీటరు అట్ట పెట్టి మిమ్మల్ని కూర్చోబెట్టానో లేదో, 200 మైక్రోహెన్రీలకు జారింది. పదకొండో వంతు! ఫ్లక్స్, అంటే అయస్కాంత ప్రవాహం, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి మిమ్మల్ని దాటాలట. అందుకని పావు చూపించి అర మిల్లీమీటరుకు వసూలు చేశారు. పెర్మియబిలిటీ 2000 ఉన్న, అంటే ఫ్లక్స్‌కు గాలికన్నా రెండు వేల రెట్లు సులువుగా దారిచ్చే, ఫెరైట్ లెక్కలో ఆ అర మిల్లీమీటరు ఒక మీటరు దారితో సమానం. కోర్ చుట్టూ తిరిగొచ్చే దారేమో మొత్తం పది సెంటీమీటర్లు. ఇంటికన్నా గడప పదింతలు!

ఒళ్లు మండి, శక్తిని కాసేపు దాచుకుని అవతలికి అందించే ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి మిమ్మల్ని పీకి పారేశాను. ఇండక్టెన్స్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదని నా తెలివి. స్విచ్ వేస్తే కరెంటు కాసేపు బుద్ధిగా ఏటవాలుగా ఎక్కి, ఉన్నట్టుండి నిట్టనిలువుగా లేచింది. ఫెరైట్ శాచురేట్ అయింది, అంటే ఇక ఫ్లక్స్ పట్టనంతగా నిండిపోయింది. నేను మురిసిపోయిన 2.2 మిల్లీహెన్రీలు సరిగ్గా అవసరమైనప్పుడే పత్తా లేవు. మాస్‌ఫెట్ టప్పుమంది.

తమరుంటే అవే చుట్లతో అదే కోర్ పదకొండింతల కరెంటు మోసేదట. దాచుకున్న శక్తిలో పదకొండింట పది పాళ్లు ఉండేదీ తమరిలోనేనట! అంత బరువైన ఫెరైట్ దారి చూపించే బంట్రోతు, ఏమీ లేని తమరేమో ఖజానా. ఈ సంగతి ఫెరైట్‌కు తెలిస్తే ఏమవుతుందో.

మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేవాళ్లు ‘ఈ’ రేకుల్ని ఒకటి అటూ ఒకటి ఇటూ మార్చి మార్చి పేర్చి తమరికి చోటివ్వరు. డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) మోసే చోక్ అనే చుట్ట దగ్గరికొచ్చేసరికి వాళ్లే ‘ఈ’లన్నీ ఒక పక్క, ‘ఐ’లన్నీ ఇంకో పక్క పెట్టి, మధ్యలో కాగితం పరిచి పిలుస్తారు. మీకు లోకంలో పలుకుబడి ఉందని ఒప్పుకుంటున్నాను.

ఒక్క ఫిర్యాదు మాత్రం మిగిలింది. మీ అంచుల్లోంచి బయటికి ఉబ్బే ఫ్లక్స్ పక్కనున్న రాగి తీగను ఊరికే వేడెక్కిస్తోంది. కూర్చున్న చోట కుదురుగా ఉండలేరా?

కొత్త మాస్‌ఫెట్ పెట్టాను. అట్ట కత్తిరించి, జిగురు పూసి తమరిని మళ్లీ పిలుస్తున్నాను. అది ఆరేలోపు దయచేసి ఒళ్లు చేయకండి.