'గోధుమ ఉండవచ్చు' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ, ప్యాకెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో వెలసిన 'గోధుమ ఉండవచ్చు' గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. నా కుశలం మీ 'వచ్చు' చేతిలో ఉంది కాబట్టి మానేశాను.

నాకు సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ పిసరంత లోపలికి పోయినా నా రోగనిరోధక వ్యవస్థ నా చిన్నపేగు మీదే విరుచుకుపడుతుంది. మందు లేదు, బతికినంతకాలం పథ్యమే. దానికి ఒప్పుకున్నాను. ఒప్పుకోలేనిది మిమ్మల్నే. ఉందంటే వదిలేస్తాను, లేదంటే కొనుక్కుంటాను. మీరేమో గోడ మీద పిల్లి.

నిన్న షాపులో ఫోన్ లైటు వేసి మరీ మిమ్మల్ని మూడుసార్లు చదివాను. మూడోసారికి మనసు మార్చుకుంటారేమోనని! పక్కనున్న పెద్దాయన నన్ను తనిఖీ అధికారి అనుకుని, "ఇవి మంచివేనా సార్?" అంటూ తన బుట్టలోని బిస్కెట్లు చూపించాడు.

పైగా చాలా దేశాల్లో మిమ్మల్ని అచ్చు వేయాలన్న చట్టమే లేదు, అంతా కంపెనీ ఇష్టం. అంటే మీరు కనిపిస్తే భయం, కనిపించకపోతే ఎందుకు కనిపించలేదా అని ఇంకో భయం. మీకంటే 'గ్లూటెన్ ఫ్రీ' గారు నయం. కిలోకి 20 మిల్లీగ్రాములు దాటనని ఒక లెక్క చెబుతారు.

ఏదో ఒకటి తిన్న గంటకి కడుపులో గుడగుడ. గ్లూటెనా, టెన్షనా? టెన్షన్‌కీ నొప్పి సరిగ్గా అక్కడే వస్తుంది మరి. నొప్పి చూసి టెన్షన్, టెన్షన్ చూసి నొప్పి.

కౌన్సెలింగ్‌లో నాకో పద్ధతి నేర్పారు. ఒక్కసారే చదవాలి, అనుమానముంటే అక్కడే పెట్టేయాలి, ఇక దాని గురించి వాదన వద్దు. చాలావరకు పాటిస్తున్నాను. మొన్న అర్ధరాత్రి చెత్తబుట్టలోంచి ప్యాకెట్ తీసి మళ్లీ చదివిన సంగతి మాత్రం వాళ్లకి చెప్పలేదు.

గుడగుడల లెక్క ఇప్పుడు రక్తపరీక్షకి అప్పగించాను. ఈ జబ్బులో గ్లూటెన్ తింటే రక్తంలో పెరిగే టీటీజీ యాంటీబాడీలు పోయినసారి నార్మల్‌గా వచ్చాయి. చిన్నాచితకా పొరపాట్లు అందులో బయటపడకపోవచ్చని డాక్టరు గారు అన్నారు. చూశారా, అక్కడ కూడా మీ చుట్టమే!

నిన్నటి ప్యాకెట్ షాపులోనే వదిలేసి వచ్చాను.

ఇట్లు,
మీ విధేయుడు (అయి ఉండవచ్చు)