మింగింది మీరు కాదు లెండి

ఫ్రాన్స్‌లో వెలసిన మహారాజశ్రీ వో-ల-వికోంత్ కోట గారికి నమస్కారములు. ఉభయకుశలోపరి.

ఇల్లు కట్టి చూడమన్నారు మా పెద్దలు. కట్టాక ఏమవుతుందో చెప్పలేదు. ఆ లోటు మీరు తీర్చారు.

ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఖజానా చూసే నికొలా ఫూకే మిమ్మల్ని కట్టించాడు. కట్టడం ల వోది, లోపలి బొమ్మలు ల బ్రన్‌వి, తోట ల నోత్ర్‌ది. ఆ తోటలో గారడీ ఒకటుంది. మీ మెట్ల మీద నిలబడి ఎంత చూసినా అడ్డంగా ఉన్న పెద్ద కాలువ కంటపడదు. నేల అంత తెలివిగా పల్లంలోకి దిగుతుంది. నడిచి నడిచి చివరి గట్టు చేరాక, కాళ్ల ముందు దాదాపు కిలోమీటరు పొడవున నీళ్లు! దాచడంలో మీ తోటమాలి దిట్ట. యజమానికి మాత్రం ఆ విద్య అబ్బలేదు. ఉడుత ఆయన చిహ్నం, 'ఎక్కలేని ఎత్తేది?' ఆయన నినాదం. ఖజానా తాళాలున్నవాడు ఇలాంటి మాట పెట్టుకుంటే ఎవరికైనా లెక్కలు అడగాలనిపించదూ?

1661 ఆగస్టు 17న రాజుగారికి విందు. మొలియేర్ కొత్త నాటకం, బాణసంచా, హడావుడి. సెప్టెంబరు 5న నాంత్ నగరంలో ఫూకే అరెస్టు, ఖజానా సొమ్ము మింగాడని నేరం. అప్పట్నుంచీ మీ అందం చూసే రాజుకు కన్ను కుట్టిందని లోకం అంటుంటే కాదనకుండా మురిసిపోతున్నారు. కాస్త తగ్గండి. విందుకు కొన్ని నెలల ముందే రాజు ఆయన్ని తప్పించాలని నిశ్చయించుకున్నాడు. పక్కన ఫూకే ప్రత్యర్థి కోల్బేర్ నూరిపోస్తూనే ఉన్నాడు. అదే ఏడాది మార్చిలో కన్నుమూసిన మంత్రి మజారాన్ ఫూకేను మించి కూడబెట్టాడు, ఆ ఆస్తి చక్కబెట్టింది కోల్బేరే. చచ్చినవాడి కళ్లు చారెడు కదా, అక్కడెవరికీ దొంగతనం కనబడలేదు.

విచారణ మూడేళ్లు నడిచింది. దేశబహిష్కారం చాలన్నారు న్యాయమూర్తులు. రాజుగారికి దయ పొంగి, దాన్ని యావజ్జీవ ఖైదుగా మార్చారు! 1680లో ఫూకే పిన్యెరోల్ చెరలోనే పోయాడు. మీ ముగ్గురు పనివాళ్లూ రాజుగారి కోట వెర్సాయ్‌లో కుదురుకున్నారు. వెనకే మీ విగ్రహాలు, గోడ తెరలు, నారింజ చెట్లు. అక్రమార్జనతో నాటిన చెట్లు రాజుగారి తోటలో దిగగానే పునీతమైపోయాయి. మీ పెద్ద హాలు గుమ్మటం మీద ల బ్రన్ వేయాల్సిన బొమ్మ మాత్రం వేయకుండానే ఆగిపోయింది.

1875లో చక్కెర వ్యాపారి ఆల్ఫ్రెడ్ సొమియే వేలంలో మిమ్మల్ని కొని బాగుచేయించాడు కాబట్టి సరిపోయింది. ఆ నారింజ చెట్లు తిరిగి ఇప్పించమని వెర్సాయ్‌కి అర్జీ పెట్టే ఉద్దేశముంటే కబురు చేయండి, ఉచితంగా రాసిపెడతాను.

ఇట్లు,
ఇంటి లోను ఇంకా తీరని మీ శ్రేయోభిలాషి