రేకు అతకాలా, రంగు కొట్టాలా?

విజయనగరంలో మా మావయ్యది కార్ల డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు. ముప్పై ఏళ్లుగా స్ప్రే గన్ పట్టిన చెయ్యి. నేను ప్లాస్టిక్ విమానాలు అతుకుతాను, అసలు సైజులో డెబ్బై రెండో వంతువి. ఇప్పుడు బల్ల మీద ఉన్నది మిగ్-21 యుద్ధ విమానం. 1963లో మన వైమానిక దళంలో చేరిన ఈ విమానం 2025 సెప్టెంబర్‌లో చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకుంది. తొలి ఏళ్లలో రంగు లేకుండా, వట్టి లోహపు మెరుపుతోనే ఎగిరేది. 1971 యుద్ధమప్పుడు శత్రువు కంటికి ఆనకుండా క్యామొఫ్లాజ్ రంగులు పడ్డాయి. నాకు ఆ వెండి రోజుల మిగ్ కావాలి. ప్లాస్టిక్‌కి ఆ లోహపు కళ ఎలా తేవాలన్న దాని మీద పోయిన ఆదివారం షెడ్డులో జరిగిన వాదన ఇది. నేను అల్యూమినియం ఫాయిల్ అతికించే పక్షం. ముందే చెప్పేస్తున్నాను.

మావయ్య: ఆ ఫాయిల్ చుట్ట పక్కన పెట్టు తల్లీ. చపాతీలు చుట్టుకునే రేకు అది. దీనికి లక్కర్ ఉంది, థిన్నర్‌తో కలిపి కొట్టే, త్వరగా ఆరే రంగు. ముందు నిగనిగలాడే నల్ల రంగు బేస్‌గా, అంటే కింది పూతగా కొట్టు, బాగా ఆరనివ్వు. దాని మీద మెటాలిక్ లక్కర్ పొగ పట్టినట్టు పల్చగా రెండు మూడు పూతలు. గన్‌లో గాలి ప్రెషర్ 12 నుంచి 15 పీఎస్‌ఐ చాలు. అల్యూమినియం వచ్చేస్తుంది.

నేను: నా చుట్టలో ఉన్నది అల్యూమినియమే కదా మావయ్యా. లెక్క చూడండి. వంటింటి ఫాయిల్ మందం ఇంచుమించు 11 నుంచి 18 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 11ని 72తో హెచ్చవేస్తే 0.79 మిల్లీమీటర్లు. నిజం విమానాల ఒంటి రేకు కూడా చాలాచోట్ల మిల్లీమీటరుకు అటూ ఇటూనే. ఇంత చిన్న బొమ్మకి ఇంత సరిగ్గా కుదిరే మందం ఇంకెక్కడ దొరుకుతుంది?

మావయ్య: మందం ఎవరు కొలుస్తారు? కంటికి కనపడేది మెరుపు.

నేను: మెరుపు గురించే చెబుతున్నాను. రోలర్ల మధ్య సాగదీసిన రేకుకి సన్నటి గీతలు ఒకే దిక్కుకి ఉంటాయి. విమానం ఒంటికి రేకులు ఒక్కో ప్యానెల్‌కీ ఒక్కో దిక్కున కోసి బిగిస్తారు. అందుకే ఎండలో పెడితే పక్కపక్క ప్యానెళ్లు ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా కనిపిస్తాయి. విమానం తిప్పితే అవి తారుమారవుతాయి. నేను ఫాయిల్ ముక్క నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి అతికిస్తే అచ్చం అదే జరుగుతుంది. మీరు ఐదు షేడ్లు కొట్టినా, విమానం ఎటు తిప్పినా ఆ ఐదూ అలాగే ఉండిపోతాయి.

(ఇక్కడ మావయ్య కాసేపు మాట్లాడలేదు. మెటాలిక్ రంగు కారుకి ఒక్క తలుపుకే టచప్ చేస్తే ఒక పక్క నుంచి కలిసిపోయి, ఇంకో పక్క నుంచి తేడా కొట్టడం ఆయన ఎన్నిసార్లు చూశారో.)

మావయ్య: సరే, అది మంచి మాటే. అయితే ఇది చెప్పు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వాళ్ల మస్టాంగ్ విమానం గురించి నువ్వే కదా చెప్పావు, రెక్కల సంగతి?

నేను: చెప్పాను. పీ-51 మస్టాంగ్ రెక్క ముందు భాగంలో రివెట్లూ అతుకులూ కనపడకుండా ఫ్యాక్టరీలోనే పుట్టీ పెట్టి, సాండింగ్ చేసి, వెండి లక్కర్ కొట్టేవారు. గాలి నున్నగా జారాలని. ఒళ్లు మాత్రం వట్టి లోహం.

మావయ్య: మరి! నిజం విమానం మీదే మా పుట్టీ, మా లక్కర్ ఉంటే, బొమ్మ మీద నేను కొడితే అబద్ధమా? ఆ రెక్కకి నువ్వు ఫాయిల్ అతికిస్తేనే అబద్ధం.

నేను: మస్టాంగ్ రెక్క మీరు తీసుకోండి మావయ్యా, అది రంగుకే న్యాయం. ఇప్పటి ప్రదర్శనల్లో అద్దంలా పాలిష్ పెట్టిన మస్టాంగ్‌లు చూసి, 1944లో కూడా అలాగే ఉండేవనుకుంటారు చాలామంది. యుద్ధంలో వాడిన విమానం ఎండకీ వానకీ మసకబారి, చేతులు తగిలి, నూనె కారి ఉంటుంది. మీ నల్ల బేస్ మీద వచ్చేది క్రోమ్ మెరుపు. బండి బంపర్‌కి బాగుంటుంది.

మావయ్య: తెలియక అంటున్నావు. కింద నలుపు ఎందుకు? లక్కర్‌లో ఉండే లోహపు రేణువులు నున్నటి బేస్ మీద బల్లపరుపుగా పడుకుంటాయి. వాటి సందుల్లోంచి దూరిన వెలుగుని నలుపు మింగేస్తుంది, అందుకే లోతు వస్తుంది. మెరుపు తగ్గాలంటే బేస్ బూడిద రంగుకి మార్చు. ఎంత కావాలో అంత. నీ ఫాయిల్‌కి ఆ పట్టు ఉందా?

నేను: ఉంది. అమ్మ కుక్కర్‌లో గుడ్లు ఉడికించేటప్పుడు అడుగున చింతపండు తొక్క వేస్తుంది. వేయని రోజు అల్యూమినియం నల్లబడుతుంది. నాకు కావలసింది ఆ నలుపే. ఫాయిల్ ముక్కలు చింతపండు లేకుండా మరిగిస్తాను. ఎంతసేపు మరిగితే అంత ముదురు. మిగ్ తోక దగ్గర, మంట బయటికొచ్చే చోట, లోహం వేడికి కమిలిపోతుంది కదా, అక్కడికి బాగా మరిగిన ముక్క.

మావయ్య: కమిలిన లోహంలో నీలం ఉంటుంది, గోధుమ రంగు ఉంటుంది. కుక్కర్‌లో నీలం రాదు. సైలెన్సర్ పైపులు ఎన్ని చూశాను నేను! దానికి పారదర్శకమైన నీలం, కాస్త కాఫీ రంగు గాలిలా వదలాలి, ఒకదాని అంచు ఒకదాన్లో కలిసిపోయేలా. అది స్ప్రే పనే.

నేను: (ఒప్పుకోక తప్పలేదు.) సరే, తోక పని మీకే వదిలేస్తున్నాను.

మావయ్య: ఇంకా ఉంది. ముక్కు దగ్గర గాలి లోపలికి పోయే రింగు చూడు. రెండు వైపులా వంపు. అక్కడ రేకు ముడత పడకుండా ఎలా కూర్చుంటుంది?

నేను: ముడత పడుతుంది. సన్నటి ముక్కలుగా కోసి, పుల్లతో రుద్ది రుద్ది సాగదీయాలి. ఒక్క రింగుకే రెండు సాయంత్రాలు. ఓపిక ఉంది నాకు. లోపలి కోను రాడార్ కోసం, లోహం కాదు గనక దానికి ఎలాగూ రంగే.

మావయ్య: ఓపిక సరే. కింద ప్లాస్టిక్ ఏ స్థితిలో ఉంది? ఇలా తే. (కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి ఏటవాలుగా చూశారు.) ఈ అతుకు చూడు. తడిపి రుద్దే వాటర్ పేపర్‌లో 800 నంబరు దగ్గరే ఆగిపోయావు, నంబరు పెరిగే కొద్దీ గరుకు సన్నబడుతుంది. దీని మీద 1000, 1500, 2000 నడవాలి, ప్రతిదీ ముందు దానికి అడ్డంగా. అప్పుడే పాత గీత పోయిందో లేదో తెలుస్తుంది. తర్వాత గిన్నెల సబ్బుతో కడగాలి, ఆ మీదట వేలితో ముట్టకూడదు. పుట్టీ అంచు వేలికి తగలకపోవచ్చు, మెరుపు దాన్ని పట్టిస్తుంది. రేకైనా, రంగైనా.

ఈ మాట దగ్గర వాదన లేదు. లోహపు పూత కింద వెంట్రుక గీత కూడా దాగదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు లక్కర్లు, ఫాయిల్ బ్రాండ్లు వెతకడానికి పెట్టే సమయంలో సగం వాటర్ పేపర్‌కి పెడితే బాగుండునని నా బాధ.

నేను: పోయినసారి మీ పద్ధతిలోనే చేశాను మావయ్యా. ఎనామెల్ నలుపు (నెమ్మదిగా ఆరే రంగు) మీద లక్కర్ కొడితే ఒళ్లంతా ఎండిన చెరువులా పగిలింది. నెల పని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మావయ్య: ఎన్ని రోజులు ఆరబెట్టావు?

నేను: ఒక్క రోజు.

మావయ్య: ఎనామెల్ పైకి ఆరినట్టుంటుంది, లోపల పచ్చి. లక్కర్‌లో థిన్నర్ ఘాటు, పచ్చి పొరని కొరికేస్తుంది. వారం ఆగాలి. నన్నొక్క మాట అడగాల్సింది తల్లీ.

నేను: దానికి తోడు మన గాలి. అల్పపీడనం పట్టిందంటే మూడు రోజులు ముసురు. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి, గాలిలో తడి దాని మీద చేరి తెల్లబారిపోతుంది. ఫాయిల్‌కి ఆ టెన్షన్ లేదు. జిగురు పల్చగా పూసి, అంటుకునే పాకానికి ఆరాక అతికించి, దూదిపుల్లతో రుద్దడమే. తప్పైతే ఆ ఒక్క ముక్క పీకి మళ్లీ అతికిస్తాను.

మావయ్య: ముసురులో నేనూ గన్ ముట్టను. అంత అవసరమైతే నెమ్మదిగా ఆరే థిన్నర్ కలుపుతాను. మంచి ఎండ కాసిన రోజు పొద్దున పదింటికి మొదలుపెట్టి, ఎండ ఉండగానే ముగిస్తాను. వాతావరణం చూసుకుని చేసే పని చెడ్డ పని అయిపోతుందా?

నేను: చెడ్డదనలేదు. ఒళ్లూ, రెక్కలూ నేను ఫాయిల్‌తోనే చేస్తాను.

మావయ్య: చెయ్యి. నేను ఒప్పుకోలేదని మాత్రం గుర్తుంచుకో.

ఆయన లోపలికెళ్లి రెండు ప్లాస్టిక్ స్పూన్లు తెచ్చారు. ఒకటి నా చేతికిచ్చి అతికించమన్నారు. రెండో దాన్ని సబ్బుతో కడిగి, నల్ల బేస్ కొట్టి, తీగకి వేలాడదీశారు. అది వారం ఆరాలి. నా స్పూన్ అరగంటలో అయిపోయింది. గుమ్మంలోకి తీసుకెళ్లి ఎండలో అటూ ఇటూ తిప్పి చూశారు, చాలాసేపు.

"దిక్కు మారిన చోట బాగుంది," అన్నారు. "ఈ వంపు దగ్గర ముడత పడింది. పీకెయ్, మళ్లీ అతికించు."