నువ్వు ఎవరి తాడ్‌పత్రివి?

చి.సౌ. నీలి తాడ్‌పత్రికి,

ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. బండి క్షేమం, స్టెప్నీ క్షేమం, నువ్వూ క్షేమమే. నీ కింద పెట్టిన సరుకు సంగతే తెలియడం లేదు.

రెండేళ్ల కిందట బండి సరుకు మీద కప్పే పట్టాగా నిన్ను హైదరాబాద్ రాణిగంజ్‌లో కొన్నాను. 12 బై 15 అడుగులు, చుట్టూ అల్యూమినియం రింగులు, కంటికింపైన నీలం రంగు. దుకాణదారు నిన్ను నా చేతిలో పెట్టి "రెండు చేతులా లాగి చూడండి సార్, చిరగదు" అన్నాడు. లాగాను. చిరగలేదు. పెళ్లిచూపుల్లో ఇంతకంటే ఏం చూస్తాం? చింపకుండా ఊరికే పైకి ఎత్తితే ఏమవుతుందని అడగాలని మాత్రం నాకు తోచలేదు.

మన బండి సంగతి నీకు నేను చెప్పాలా? బొలేరో పికప్. ముందు క్యాబిన్‌కి రెండు తలుపులు, రెండింటికీ తాళాలు. ఆ క్యాబిన్లో ఉండేదేమిటంటే ఒక నీళ్ల సీసా, డ్యాష్‌బోర్డు మీద ఆంజనేయస్వామి, పాత చలాన్ల కాగితాలు. నా సంసారమంతా వెనక బాడీలోనే: వైరు కాయిల్స్, డ్రిల్లింగ్ మెషిన్, గోడ కోసే కట్టర్, ఎంసీబీల (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్‌ల) డబ్బాలు. దానికేమో మూడు వైపులా కిందికి వాలే రేకు తలుపులు, వాటికి కొక్కేలు. మా ఊళ్లో గొడ్ల దొడ్డికి కూడా ఇంతకంటే గట్టి గడియ ఉండేది. నీళ్ల సీసాకి తాళం, రాగికి కొక్కెం. ఆ కొక్కేనికీ ఈ మహానగరానికీ మధ్య అడ్డుగా నిన్ను పెట్టాను.

ఆ రోజు కరెంటు సామాన్లు దొరికే ట్రూప్ బజార్‌లో 24 వైరు కాయిల్స్ ఎత్తించాను. వైరు మందం చదరపు మిల్లీమీటర్లలో చెప్తారు: వన్ అండ్ హాఫ్‌వి 14, టూ అండ్ హాఫ్‌వి 10. బిల్లు అరవై వేల పైచిలుకు. పొద్దున్నే కొల్లూరు సైటుకి చేర్చాలి. బోరబండలో మా గల్లీకి వచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర, పైన తుంపర. మా ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. "అన్నా, పైకి మోద్దామా?" అని అడిగాడు మా హెల్పర్. వాడు అడగడమైతే అడిగాడు గానీ, చెయ్యి అప్పటికే స్కూటర్ హ్యాండిల్ మీద ఉంది. "ఎందుకురా, తాడ్‌పత్రి ఉందిగా" అన్నాను.

ఆ "ఉందిగా" అన్న మాటకే నేను అరవై వేలు కట్టాను.

లెక్క చెప్తాను విను. కాయిల్ అంటే 90 మీటర్లు. టూ అండ్ హాఫ్ కాయిల్‌లో రాగి 2 కిలోలు, వన్ అండ్ హాఫ్‌లో 1.2 కిలోలు. అంతా కలిపితే దాదాపు 37 కిలోల రాగి. పైన తొడుగు కాల్చేస్తే అది ఏ కంపెనీదో, ఏ బిల్లుదో, ఎవరి కష్టార్జితమో కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. బంగారానికైనా హాల్‌మార్కు ఉంటుంది. అలాంటిదాన్ని నేను వీధిలో పెట్టి, నీలం గుడ్డ కప్పి, పైకి వెళ్లి పప్పుచారు తిని పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే అంతా సవ్యంగానే ఉంది. సరుకు ఎలాగూ రేకు అంచుకి కిందే ఉంటుంది కాబట్టి బయటినుంచి చూస్తే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేదు. యాభై కిలోలు తగ్గితే బొలేరోకి తెలుస్తుందా? దారిలో ఒక్కటే వింతగా తోచింది. మామూలుగా గాలి తగిలితే నువ్వు ఫటఫటా కొట్టుకుంటావు, వెనక ఎవరో బట్టలు ఉతుకుతున్నట్టు ఉంటుంది. ఆ రోజు దారిపొడుగునా కిక్కురుమనలేదు. ఇన్నాళ్లకి బుద్ధి వచ్చిందనుకుని సంతోషించాను కూడా.

సైటు దగ్గర హెల్పర్ తాడు విప్పబోయి ఆగిపోయాడు.

"అన్నా, ఇది మన ముడి కాదే."

వంగి చూశాను. నేను ముడి వేస్తే ముడి మీద ముడి, దాని మీద నమ్మకం లేక ఇంకో ముడి, చివరికి ఉల్లిగడ్డంత అవుతుంది. తాడు కొస ఎలుక తోకలా వేలాడుతుంది. ఇదేమో చూడముచ్చటగా ఉంది. తాడు కొక్కెం కిందికి వెళ్లి, పైకొచ్చి, మెలికలోంచి దూరి, లాగిన లాగుడుకి తీగలా బిగిసింది. కొసని మడిచి లోపలికి దోపారు. ఎక్కడా వేలెడు వదులు లేదు. వేలితో మీటితే టంగుమంది. విప్పడానికి ఇద్దరం పది నిమిషాలు కుస్తీ పట్టి, లాభం లేక బ్లేడుతో కోశాం. నిన్ను ఎత్తితే లోపల ఒక విరిగిన పీవీసీ పైపు ముక్క ఉంది. దాన్ని కూడా ఒక పక్కకి జరిపి పెట్టారు.

ఎదురు అపార్ట్‌మెంట్ వాళ్ల కెమెరాలో మిగతాది చూశాను. తెల్లవారుజామున మూడింటికి ముందు, మంచి వాన. ఒక మూల నువ్వు కాస్త పైకి లేచావు. ఒక ఆకారం లోపలికి దూరింది. నువ్వు మళ్లీ కిందికి వాలావు, కోడి రెక్క వాల్చినట్టు. ఇరవై నిమిషాలు దుప్పటి కింద పిల్లి తిరిగినట్టు అక్కడక్కడా ఉబ్బుతూ ఉన్నావు. మధ్యలో వాచ్‌మన్ వచ్చి టార్చి వేశాడు. నువ్వు ఠక్కున ఆగిపోయావు. పాపం, గాలి అనుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఒక ఆటో ట్రాలీ వచ్చి ఆగింది. ఇక చెప్పేదేముంది?

సరుకు తడవకూడదని కదా నిన్ను కొన్నాను. అంత వానలోనూ తడవకుండా ఉన్నవాడు దొంగ ఒక్కడే.

తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదరవని పెద్దలు అననే అన్నారు. తాడ్‌పత్రి అంటే అసలు అర్థం తాటాకే. పేరులోనే పెట్టుకుని తిరుగుతున్నావు, చదువుకోకపోవడం నాదే తప్పు. పైగా నిన్ను కప్పడమంటే దాచడం కాదనీ, చాటింపు వేయడమనీ ఇప్పుడు తెలిసింది. ఖాళీ బండికి ఎవడూ పట్టా కట్టడు కదా!

స్టేషన్‌కి వెళ్తే మొదటి ప్రశ్నే "తాళం ఏశినవా?" అని.

"తాడు కట్టిన సార్."

ఆయన పెన్ను కింద పెట్టి నా మొహంలోకి చూశాడు. ఆ చూపుకి పంచనామా అక్కర్లేదు.

చట్టం మాత్రం నాకు చాలా గౌరవం ఇచ్చింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 305వ సెక్షన్ ప్రకారం సరుకు రవాణా బండిలోంచి వస్తువు దొంగిలిస్తే ఏడేళ్ల దాకా జైలు. దొరికితే. అదే నిన్నొక్కదాన్నే, మా పిట్టగోడ మీద ఆరేసినప్పుడు ఎవడైనా లాక్కుపోయాడనుకో. నీ ఖరీదు 5,000 రూపాయల లోపే కాబట్టి, వాడికి అదే మొదటిసారి అయి, నిన్ను తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపోతుంది. ఇన్సూరెన్స్ ఏజెంట్ దగ్గర ఇంకా తొందరగా తేలిపోయింది: బండి పోతే డబ్బులొస్తాయట, బండిలో సరుకు పోతే రావట. సరుకుతో పాటు బండి కూడా తీసుకెళ్లి ఉంటే వాడికీ నాకూ ఇద్దరికీ బాగుండేది.

తర్వాత ఇనప పెట్టె చేయించాను. వెల్డర్ దిట్టంగా చెకర్ ప్లేటుతో కట్టి, పెద్ద తాళం వేసి, "ఏనుగు తొక్కినా కదలదు" అన్నాడు. మా హెల్పర్ చుట్టూ తిరిగి చూసి, "అన్నా, తాళం జోలికెందుకు? గీ పిన్ను కొడితె చాలు" అన్నాడు. మూత తిరిగే బందులు బయటికి పెట్టాడు ఆ వెల్డర్ మహానుభావుడు. మేకు, సుత్తి ఉంటే మూత వెనకవైపునుంచి లేచి వస్తుంది. బందులు లోపలికి మార్పించాను. అప్పుడు వాడు బండి కిందికి దూరి, "నట్లు కిందికెల్లి ఇప్పొచ్చు, పెట్టెకి పెట్టె పోతది" అన్నాడు. నట్లకి వెల్డింగ్ పెట్టించాను. మామూలు తాళమైతే కొంకిని కట్టర్‌తో కోస్తారని, కొంకి బయటికి కనపడని గుండ్రటి తాళం తెచ్చాను. ఇంత తెలివి వీడికి ఎక్కడిదా అని ఒక రాత్రి నాకు నిద్రపట్టలేదు. అదలా ఉంచు.

నిన్ను మాత్రం పారేయలేదు. వానకి, దుమ్ముకి నువ్వే దిక్కు. కుదుపులకి సరుకు జారకుండా బెల్టులు కొన్నాను, బరువైనవి క్యాబిన్ గోడకి ఆనించి పెడుతున్నాను. రోడ్డు కదపకుండా కట్టడం వేరు, మనిషి కదపకుండా కట్టడం వేరు. రెండూ నీకే అప్పజెప్పి నిన్ను ఆడిపోసుకోవడం న్యాయం కాదని మా ఆవిడ నీ తరఫున మాట్లాడింది. బీరువాకి తాళం వేసి తాళంచెవి దానిమీదే పెట్టే మనిషికి ఆమాత్రం పట్టా చాలునని కూడా అంది.

ఇట్లు,
మూడో అంతస్తు వాడు

తా.క.: ఆ ముడిని కోసే ముందు ఒక ఫొటో తీసుకోవాల్సింది. బుద్ధి లేకపోయింది. నేర్చుకుందామని ఇప్పటికి నలుగురు లారీ డ్రైవర్లని అడిగాను. ముగ్గురు మూడు రకాలుగా కట్టి చూపించారు, ఏదీ అది కాదు. నాలుగో ఆయన తాడు చేతిలోకి తీసుకుని, "లోపల సరుకేముంటది అన్నా?" అని అడిగాడు. నేను తాడు కూడా అడక్కుండా బండి స్టార్ట్ చేసుకుని వచ్చేశాను.