దయ్యాలకూ డ్యూటీ టైమింగులుంటాయి

కాయిన్ వేసి ఆడే ఆర్కేడ్ గేమ్ అనగానే అందరూ హీరోనే తలుచుకుంటారు. పాక్‌మాన్ బొమ్మ చొక్కాల మీద, కప్పుల మీద ఊరేగుతుంది. ఆ పసుపు ముద్ద చేసిన ఘనకార్యం ఏమిటని అడిగే నాథుడు లేడు. సందుల్లో వాడి వెంటపడే దయ్యాల్ని తెర మీంచి ఒక్కసారి తీసేసి చూడండి. 240 చిన్న చుక్కలు, నాలుగు పెద్ద చుక్కలు, వాటిని ఊడ్చుకుంటూ పోయే ఓ నోరు మిగులుతాయి. ఇది పారిశుద్ధ్యం పని. దీనికి మనం కాయిన్ వేయడమేమిటి, మనకే ఎదురు కూలి ఇవ్వాలి.

అందుకే ఈ వ్యాసం శత్రువుల తరఫున వకాల్తా. హీరోని ఆడించే మనం తోచినప్పుడు తోచిన సందులోకి దూరతాం. వాళ్ళకి ఆ వెసులుబాటు లేదు. రాసిచ్చిన రూలు తప్పకుండా పనిచేసేది ఆ మెషీన్లో వాళ్ళొక్కరే.

1980లో నామ్కో వారి కోసం తోరు ఇవతాని తయారుచేసిన పాక్‌మాన్‌లో నలుగురు దయ్యాలకూ పని పంపకం జరిగింది. ఎర్రవాడు బ్లింకీ. మీరు ఏ గడిలో ఉంటే ఆ గడికే వాడి గురి. గులాబీరంగు పింకీ మీ మొహం ఎటుంటే అటు నాలుగు గడుల ముందుకి గురిపెట్టి కాపు కాస్తాడు. లేత నీలం ఇంకీది తలనొప్పి ఉద్యోగం. మీ ముందున్న రెండో గడిని పట్టుకోవాలి, బ్లింకీ దగ్గర్నుంచి అక్కడికి గీత గీయాలి, అంతే పొడవు అవతలికి సాగదీయాలి, ఆ కొసకి పరిగెత్తాలి. అంటే బ్లింకీ మీకు దూరంగా ఉన్నంతసేపూ ఇంకీ ఎక్కడో తిరుగుతుంటాడు. బ్లింకీ మీ వీపుకి అంటుకున్నాడంటే ఇంకీ కూడా మీద పడ్డట్టే. ఇక నారింజ రంగు క్లైడ్. ఎనిమిది గడుల కంటే దూరంలో ఉంటే మహా ఉత్సాహంగా వెంటపడతాడు, అంతకన్నా దగ్గరికొస్తే ఎడమవైపు కింద మూలకి దారి పడతాడు. పని దూరంగా ఉన్నంతసేపే హుషారు. ఇలాంటివాడు లేని ఆఫీసు ఉందా?

పింకీకి ఒక అన్యాయం జరిగింది, అది రికార్డులోకి ఎక్కాలి. మీరు పైకి తిరిగి ఉన్నప్పుడు వాడి గురి నాలుగు గడులు పైకి మాత్రమే పోదు, నాలుగు గడులు ఎడమకీ జరుగుతుంది. ప్రోగ్రాములో కూడిక పొంగి పక్క అంకెలోకి ఒలికిపోవడమే కారణం. పైకి వెళ్తూ ఎదురుపడితే పింకీ పక్క సందులోకి తప్పుకోవడం చూసి జనం వాణ్ణి పిరికివాడనుకున్నారు. తప్పు లెక్క రాసినవాడిది, చెడ్డపేరు పింకీది.

డ్యూటీ టైమింగుల సంగతికొద్దాం. మొదటి స్టేజిలో ఏడు సెకన్లు ఎవరి మూలలో వాళ్ళు విశ్రాంతి, 20 సెకన్లు వేట. మళ్ళీ ఏడు, 20, ఐదు, 20, ఐదు. విరామాలన్నీ కలిపినా 24 సెకన్లు దాటవు, ఆ తర్వాత స్టేజి అయ్యేదాకా వేటే. మీ ప్రాణం ఒకటి పోతే గడియారం మళ్ళీ మొదటికొస్తుంది. బయట తిరిగే దయ్యాలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయంటే షిఫ్టు మారిందన్నమాట, ఆ క్షణాన్ని కనిపెట్టడం సగం ఆట. పెద్ద చుక్క తినగానే గడియారం ఆగుతుంది. మొదటి స్టేజిలో ఆరు సెకన్లు దయ్యాలు నీలంగా తిరుగుతాయి, అప్పుడు వాటిని వరసగా మింగితే 200, 400, 800, 1600 పాయింట్లు. ఆ పెద్ద చుక్క మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. 19వ స్టేజి నుంచి అది తిన్నా దయ్యాలు వెనక్కి తిరుగుతాయంతే, రంగు మారవు.

ఇంత పద్ధతిగా ఉండటం వల్లే వాళ్ళ చేతిలో చచ్చినవాడు మెషీన్‌ని తన్నడు. తన తొందరని తిట్టుకుని ఇంకో కాయిన్ తీస్తాడు. శత్రువు కొలువు అసలు అందుకే.

కొలువంటే గుర్తొచ్చింది. టైటో వారి స్పేస్ ఇన్వేడర్స్ (1978, రూపకర్త తొమొహిరో నిషికాదో) నడిచే తీరు ఏ యజమానికైనా ముచ్చటేస్తుంది. పైనుంచి దిగే గ్రహాంతర శత్రువులు ఐదు వరసలు, వరసకి పదకొండు మంది, మొత్తం 55. సెకనుకి 60 సార్లు తెర మారుతుంటే మారినప్పుడల్లా ఒక్కడే జరుగుతాడు. అందరూ ఒక్క అడుగు వేసేసరికి దాదాపు సెకను గడుస్తుంది. మనం చంపేకొద్దీ క్యూ తగ్గి మిగిలినవాళ్ళ వంతు త్వరగా వస్తుంది, ఆఖరివాడు ప్రతిసారీ తనే పరిగెత్తాలి. సిబ్బందిని తగ్గిస్తే మిగిలినవాడి నడుం విరుగుతుందని ఇంత స్పష్టంగా ఏ ఆర్థికవేత్తా చూపలేదు. ఇది కావాలని పెట్టింది కాదు, ఆనాటి చిప్పుకి అంతకంటే చేతకాక వచ్చింది. నిషికాదో దాన్ని అలాగే వదిలేశాడు.

గెలవాలంటే పక్క నిలువు వరసల్ని ముందు ఖాళీ చేయండి. గుంపు తెర అంచుకి తగిలినప్పుడే ఒక మెట్టు దిగుతుంది. గుంపు సన్నబడితే అంచుకి చేరడానికి ఎక్కువసేపు పడుతుంది. పైన పోయే సాసర్ (ఎగిరే పళ్ళెం) 300 పాయింట్లు ఇవ్వడం కూడా లాటరీ కాదు. మొదట 23వ తూటా, ఆపైన ప్రతి 15వ తూటా తగిలితే 300. కొన్ని తూటాలు గాల్లోకి వదిలైనా సరే, లెక్క తప్పకూడదు.

గాలాగా (1981)లో శత్రువు మరీ పెద్దమనిషి, మీ విమానాన్నే తాకట్టు పెట్టుకుంటాడు. బాస్, అంటే వాళ్ళ నాయకుడు, కిందికొచ్చి కిరణం వదిలినప్పుడు తెలిసి తెలిసి అందులోకి వెళ్ళాలి. చేతిలో ఇంకో ప్రాణం ఉంటేనే సుమా, లేకపోతే ఆట అక్కడితో సరి. తర్వాత ఆ బాస్ బందీతో సహా కిందికి దూకుతున్నప్పుడు కొడితే విమానం వెనక్కొచ్చి మీ పక్కన చేరుతుంది, రెండు తుపాకులు. వరసలో నిలబడి ఉండగానే కొట్టారో, అది వాళ్ళ పక్షాన చేరుతుంది. బాస్‌కి రెండు దెబ్బలు కావాలి కాబట్టి మొదటిది ముందే తగిలించి ఉంచుకోవడం మేలు. జంట విమానం వెడల్పు కూడా రెండింతలేనని మాత్రం జనం మర్చిపోతారు.

శత్రువు సోమరైతే ఏమవుతుందో చూపింది రాళ్ళని పేల్చే ఆట ఆస్టరాయిడ్స్ (1979). తెర మీద ఒక్క రాయి మిగిల్చి, వచ్చిన చిన్న సాసర్నల్లా కొట్టుకుంటూ పోతే ఒక్కోదానికి వెయ్యి, పదివేలకో అదనపు ప్రాణం. ఒకే కాయిన్ మీద గంటలు గంటలు. పాపం మెషీన్ యజమాని. బెర్జర్క్ (1980)లో ఈ పప్పులు ఉడకవు. గదిలో తచ్చాడితే ఈవిల్ ఓటో అనే నవ్వుమొహం గోడల్లోంచి ఎగురుకుంటూ వస్తుంది, దానికి చావు లేదు. ఆ గదిలోని రోబోలు కరెంటు గోడకి తామే గుద్దుకుని కాలిపోయే రకం, కనక క్రమశిక్షణ భారమంతా ఓటో నెత్తినే.

మళ్ళీ పాక్‌మాన్‌కే వద్దాం. 256వ స్టేజి. స్టేజి అంకె పొంగి సున్నా అవుతుంది, తెర అడుగున స్టేజి గుర్తుగా పళ్ళ బొమ్మలు గీసే కోడ్ తికమకపడి 256 బొమ్మలు గీయబోతుంది, తెర కుడి సగం అక్షరాల చెత్తకుప్ప అవుతుంది. స్టేజి దాటడానికి చాలినన్ని చుక్కలు దొరకవు, హీరోగారికి చేయడానికేమీ ఉండదు. ఆ చెత్తలోనే బ్లింకీ మీ గడికి గురిపెట్టి వస్తుంటాడు. క్లైడ్ కూడా ఎనిమిది గడుల దూరం దాకా వచ్చి, ఎప్పటిలాగే మనసు మార్చుకుని ఎడమ మూలకి తిరుగుతుంటాడు.