మార్కులు బడివా, ఇంటివా? ఒక అక్కాతమ్ముళ్ల వాదన

అక్క పల్లెలో సర్కారు బడి టీచరు. తమ్ముడి కొడుకు ప్రైవేటు బడిలో ఐదో తరగతి. ఈ ఏడు ఫీజుకి తమ్ముడు అప్పు తెచ్చాడని తెలిసి అక్క నోరు విప్పింది.

తమ్ముడు: మీ ఐదో తరగతి పిల్లల్ని, మావాడి క్లాసు పిల్లల్ని పక్కపక్కన కూర్చోబెట్టి చూడక్కా. తేడా కనిపిస్తూనే ఉంది కదా, దీనికి పరిశోధనలు కూడా కావాలా?

అక్క: తేడా లేదని నేనెప్పుడన్నాను? అది బడి పెట్టిన తేడానా, ఇల్లు పెట్టినదా అని అడుగుతున్నాను. నీ కొడుకు పొద్దున్నే కడుపునిండా తిని వెళ్తాడు, సాయంత్రం మరదలు పక్కన కూర్చుని చదివిస్తుంది. మా బడిలో కొందరి అమ్మానాన్నలు మిరప కోతలకి ఊరు దాటితే, ఆ పిల్లలు వారాల తరబడి నాయనమ్మ దగ్గరే ఉంటారు. హోంవర్కు ఎవరు చూడాలి చెప్పు.

తమ్ముడు: మీ టీచర్లు ఎప్పుడూ చెప్పే సాకే ఇది.

అక్క: సాకు కాదురా, లాటరీ తీసి మరీ చూశారు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 180 ఊళ్లలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు మొదలుపెట్టిన అధ్యయనం అది. ప్రైవేటు బడికి పంపుతామని దరఖాస్తు పెట్టుకున్నవాళ్లలో లాటరీ తగిలిన పిల్లలకి ఫీజులు కట్టారు. లాటరీ కదా, తగిలినవాళ్ల ఇళ్లూ తగలనివాళ్ల ఇళ్లూ సగటున ఒకలాంటివే. నాలుగేళ్లయ్యాక తెలుగులో, లెక్కల్లో వాళ్ల మధ్య తేడా రాలేదు. మామూలుగా రెండు బడుల్ని పోలిస్తే మాత్రం ప్రైవేటు పిల్లలే ముందున్నారు.

తమ్ముడు: సగం చెప్పి ఆపకక్కా. ఆ ప్రైవేటు బడులు తెలుగుకీ లెక్కలకీ తక్కువ సమయమిచ్చి కూడా అంతే ఫలితం తెచ్చాయి, మిగిలిన సమయంలో హిందీ నేర్పాయి, హిందీలో వాళ్లే బాగా ముందు. పైగా ఒక్కో పిల్లాడి మీద ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు!

అక్క: అదీ నిజమే. అక్కడి టీచర్ల జీతాలు ఎంత తక్కువో కూడా చెప్పు మరి.

తమ్ముడు: జీతం మాట నువ్వే ఎత్తావు కాబట్టి చెప్తున్నా. వాళ్లిద్దరే ఇక్కడి పల్లె సర్కారు బడుల్లో, పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకి బోనస్ ఇచ్చి చూశారు. సగటున ఏడాది జీతంలో 3 శాతం, అంతే. రెండేళ్లలో మార్కులు పెరిగాయి. ఆ పిల్లల ఇళ్లేమీ మారలేదు, అమ్మానాన్నలూ మారలేదు. మరి ఇంటిదే భారమంతా అని ఎలా అంటావు?

అక్క: ఆ ఫలితం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదురా. మేం ఇంకా చేయగలం, ఒప్పుకుంటాను. ఇల్లే అంతా అని కూడా అనను. రెండు బడుల్ని పోల్చేముందు ఇంటిని లెక్కలోంచి తీసేసి చూడు, అప్పు చేసేముందు అయినా చూడు, అంటున్నాను.

తమ్ముడు: సగటులతో నాకేం పని? నాకున్నది ఒక్కడే కొడుకు.

అక్క: అయితే వాణ్నే చూడు. పల్లె పిల్లల చదువుని పరీక్షించే అసర్ సర్వే వాళ్లు ఇళ్లకొచ్చి రెండో తరగతి స్థాయి కథ చదివిస్తారు. 2024లో దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో 48.8 శాతమే చదవగలిగారు, సర్కారూ ప్రైవేటూ కలిపి. ఈ రాత్రి మీవాడి ముందు రెండో తరగతి తెలుగు వాచకం పెట్టు, నువ్వు అందించకుండా.

తమ్ముడు: చదవలేకపోతే?

అక్క: ఆదివారాలు నా దగ్గరికి పంపు.